కాగితం మేస్త్రి

మా బావకు నలభై ఏళ్ళ సర్వీసు నిండిందని షూటింగ్ క్లబ్బు వాళ్ళు చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆయన గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని సెక్రటరీ నా దగ్గరికి వచ్చాడు. "ఇరవై ఆరేళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేశారు. పైగా బావమరిదివి. నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు. తెలుసు కనకే రాయనన్నాను. మొహమాటపడుతున్నాననుకుని నవ్వి, తెల్లకాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు మొహమాటం లేదు. మా బావ అంటే ఒళ్ళుమంట. ఆ సంగతి ఒక్క సెక్రటరీకి తప్ప అందరికీ తెలుసు.

ఎలాగూ కాగితాలు ఇచ్చాడు కనక రాస్తున్నాను. అచ్చు వేసుకుంటాడో, పొయ్యిలో పెట్టుకుంటాడో అతని ఇష్టం.

రేంజి వెనక రేకుల షెడ్డు మాది. కిటికీ వైపు బల్ల ఆయనది, తలుపు వైపు బల్ల నాది. వెలుతురంతా ఆయనకి, వచ్చేపోయేవాళ్ళ దుమ్మంతా నాకు. ఆయన చెక్కపని చేస్తాడు, నేను ఇనుపపని. క్లబ్బులో ఉన్నవన్నీ పాతకాలం రైఫిళ్ళు. ముందు భాగంలో బ్యారెల్ కింద ఒక చెక్క, పైన ఒక చెక్క ఉంటాయి. ఆ రెండిటినీ కలిపి పట్టుకునే ఇనుప పట్టీలు రెండు. చెక్కలు ఆయన చెయ్యాలి, పట్టీలు నేను చెయ్యాలి. ఒకరి పని లేకుండా ఇంకొకరి పని నిలబడదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, వాళ్ళకి మా ఇద్దరి మీదా ఏదో కక్ష ఉండి ఉండాలి.

ఆ చెక్కల మధ్య బ్యారెల్ ఎక్కడా తగలకుండా ఉండాలి. చుట్టూ పోస్టుకార్డు మందం సందు చాలు. ఎక్కడ తగిలినా తూటా దారి తప్పుతుంది. తగులుతోందో లేదో కంటికి కనిపించదు కనక మా బావ కాగితం పెట్టి చూస్తాడు. నోటు పుస్తకంలో పేజీని సన్నగా కత్తిరించి, మడిచి, మైనం రుద్ది గట్టిపరుస్తాడు. దాన్ని మూతి దగ్గర సందులో దూర్చి వెనకదాకా తోస్తాడు. ఎక్కడా ఆగకుండా పోతే పని అయినట్టు. ఆగితే చెక్క విప్పి మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఆయన్ని అందరూ కాగితం మేస్త్రి అంటారు. ఆయన చొక్కా జేబులో డబ్బులు లేని రోజులు చూశాను గానీ కాగితం లేని రోజు చూడలేదు. ఆ కాగితాలన్నీ ఆయన కూతురి నాలుగో తరగతి నోటు పుస్తకాలవి. అంత మంచి కాగితం ఇప్పుడు రావడం లేదట.

ఈ జబ్బు ఆయనకి కుర్రతనం నుంచీ ఉంది. మా అక్కను చేసుకోవడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు, కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి తలుపు సందులో పెట్టి, "పై బందు దిగిపోయిందండీ, వానాకాలంలో పట్టేస్తుంది" అని మా నాన్నతో అన్నాడు. మా నాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. మా అక్క మాత్రం లోపల్నుంచి పకాలున నవ్వింది. ఆ నవ్వు విని మావాళ్ళు ఒప్పేసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ అంత పెద్దగా నవ్వడం నేను చూడలేదు. "ఈయనకి కూరలో ఉప్పుందో లేదో కూడా కాగితం పెట్టి చూస్తే గాని తెలీదురా" అంటుంది. హాస్యానికే అంటుంది. సగం హాస్యానికి.

పనిమంతుడు. అందులో అబద్ధం లేదు. క్లబ్బు ప్రెసిడెంటు తన రైఫిల్ తొందరగా కావాలని మూడుసార్లు మనిషిని పంపిస్తే మూడుసార్లూ వెనక్కి పంపేశాడు. "కాగితం ఆగుతోంది. ఆయన హోదాకి కాగితం జరగదు" అన్నాడు. ఆ మాట ఊరంతా చెప్పుకుని మెచ్చుకున్నారు. అదే ఆయన ఇంట్లో వాళ్ళతో అంటే మెచ్చుకునేవాళ్ళు ఉండరు. ఆయనకి ఇల్లూ షెడ్డూ ఒకటే. ఎదుటి మనిషిలో ఎక్కడ ఆగుతోందో చూడటమే తప్ప, జరిగిపోయిన చోట ఒక్క మంచిమాట అనడు.

నేను పనిలో చేరిన తొమ్మిదో ఏట ఒక పట్టీ వెంట్రుక వాసి బిగువుగా చేశాను. ఇంకెవరైనా అయితే "ఒరేయ్, ఆకురాయితో రెండు గీతలు గియ్యి" అని నా బల్ల మీద పడేసేవారు. మా బావ ఆ పట్టీని రెండు బల్లల మధ్య గోడకి మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్ళంతా అదేమిటని అడిగేవారు. "మా బావమరిది పనితనం" అనేవాడు. పదిహేడేళ్ళుగా అది అక్కడే వేలాడుతోంది. తీసేద్దామని రెండుసార్లు చెయ్యెత్తాను. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని దించేశాను. నాకు ఆయన మీద ఉన్న కోపం ఎంతని ఎవరైనా అడిగితే, ఆ మేకు వైపు చూపించేవాణ్ణి.

ఇక అసలు విషయం. మా బావకి ఒక్కతే కూతురు, నా మేనకోడలు. ముప్ఫై ఒక్కేళ్ళు. బడి వ్యాను నడుపుతుంది. పదహారో ఏట నుంచి రైఫిల్ కాలుస్తోంది. ఆమె రైఫిల్‌కి ముందు చెక్క మా బావే చేశాడు, అక్రోటు పలక కొని, ఐదు వారాలు కూర్చుని. అవిసె నూనె పట్టించి పట్టించి అద్దంలా తెచ్చాడు. దాన్ని కూతురి చేతిలో పెట్టేటప్పుడు కూడా "జారవిడిచావంటే చూడు" అన్నాడు తప్ప ఇంకేమీ అనలేదు.

కిందటేడు వానల్లో వ్యాను మెట్టు మీద జారి ఆ పిల్ల ఎడమ మణికట్టు విరిగింది. లోపల ఇనుప రేకు వేసి ఆరు స్క్రూలు బిగించారు. స్టీరింగు తిప్పగలదు. బోర్లా పడుకుని ఎడమచేత్తో రైఫిల్ బరువు మొయ్యాలంటే మాత్రం రెండో తూటాకే చెయ్యి వణుకుతుంది. ఇక కాల్చడం అయిపోయిందనుకున్నాం. అంతలో క్లబ్బు వాళ్ళు రూలు మార్చి, కావలసినవాళ్ళు బైపాడ్ పెట్టుకోవచ్చన్నారు. బైపాడ్ అంటే రైఫిల్ మూతి వైపు బిగించే రెండు కాళ్ళు. బరువు నేల మోస్తుంది, చెయ్యి ఊరికే ఆనించుకుంటే చాలు.

రేంజిలో కొత్తవాళ్ళకి నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని జట్టులో ఉన్న నలుగురిలో ఒకరికే ఇస్తారు. ముగ్గురు ఖాయమైపోయారు, వాళ్ళకి వేరే ఉద్యోగాలు ఉన్నాయి. కాబట్టి ఆ ఆదివారం పోటీలో నాలుగో చోటు ఎవరికి దక్కితే ఉద్యోగం వాళ్ళది. తెల్లారి ఐదింటి నుంచి పిల్లల్ని ఎక్కించుకుంటూ దించుకుంటూ పదేళ్ళు తిరిగిన మనిషికి ఆ ఉద్యోగం అంటే ఎంతో నాకు తెలుసు. మా బావకీ తెలుసు.

గురువారం మధ్యాహ్నం ఆమె షెడ్డుకి వచ్చింది. కొత్త బైపాడ్ కొని తెచ్చింది. దాన్ని తండ్రి బల్ల మీద పెట్టింది.

"నాన్నా, దీన్ని నా రైఫిల్‌కి బిగించిపెట్టు. ఆదివారమే పోటీ."

ఆయన చెక్క నునుపు చేస్తున్న చిత్రిక ఆపలేదు. "దేనికి బిగిస్తారు? చెక్కకా? చిల్లు పెట్టాలిగా."

"పెట్టు మరి. నువ్వు పెడితే నాకు భయం లేదు."

"నేను చేసిన చెక్కకి నేనే చిల్లు పెట్టాలా?"

"నా రైఫిల్ కదా నాన్నా."

అప్పుడు చిత్రిక ఆపి కూతురి వైపు చూశాడు. ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. ఎంత చెడ్డా కన్నతండ్రి. "నీ చేతిలో ఆరు స్క్రూలున్నాయి చాలదా? చెక్కకి కూడా కావాలా? చేత్తో పట్టుకోలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. కాళ్ళూ కర్రలూ పెట్టుకుని కాల్చడం ఒక కాల్చడమా?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "స్క్రూలు పడ్డాయని ఇది నా చెయ్యి కాకుండా పోయిందా?" అంది. ఆయన మళ్ళీ చిత్రిక పట్టుకున్నాడు. బైపాడ్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నాకు నషాళానికి అంటింది. "బావా, నోటికి ఎంతొస్తే అంత అనెయ్యడమేనా?" అన్నాను. "నీ బల్ల పని నువ్వు చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. ఆయన శుక్రవారం బాగుచేసిన రైఫిళ్ళు అప్పగించడానికి రోజంతా బయటికి వెళ్ళాడు. ఆ రోజు మేనకోడలి రైఫిల్ బీరువాలోంచి తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను.

ఆమె మీద ప్రేమతో చేశానని చెప్పుకుంటే బాగుంటుంది. సగమే నిజం. మిగతా సగం ఆ గోడ మీద మేకు చేయించింది. ఆయన చెయ్యనన్నది నేను చేసి చూపించాలి, ఆయన చెక్క మీద నా ఇనుము నిలబడాలి, ఆ ఆదివారం అందరి ముందూ ఆయన తల దించుకోవాలి. చేతులు పని చేస్తున్నంతసేపూ నా బుర్రలో ఇదే తిరిగింది.

పట్టీలు వదులు చేసి చెక్కలు విప్పాను. లోపల దుమ్ము దులిపి, నూనెగుడ్డతో తుడిచాను. లోపల ఏమీ లేదని ఒట్టేసి చెప్పగలను. ముందు చెక్క కొసన రెండు చిల్లులు పెట్టి, ఇనుప పలక ఆనించి, స్క్రూలతో బైపాడ్ బిగించాను. అక్కడ చెక్క పల్చగా ఉంటుంది. వెనక పట్టీ దగ్గర బలంగా ఉంటుంది గాని అక్కడ బిగించాలంటే పట్టీ మళ్ళీ చెయ్యాలి, రెండు రోజుల పని. కొస చాలుననుకున్నాను. మళ్ళీ అన్నీ కూర్చి, రైఫిల్‌ని వెల్లకిలా తిప్పి, తుపాకుల్ని పడుకోబెట్టే ఊయల బల్లలో పెట్టి, నా రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చించి సందులో తోశాను. మూతి నుంచి వెనకదాకా సర్రున పోయింది. మా బావ కాగితం కూడా అంత నున్నగా ఎప్పుడూ పోలేదు. ఈల వేసుకుంటూ బీరువాలో పెట్టేసి, బైపాడ్ బిగించానని మేనకోడలికి కబురు చేశాను.

శనివారం ఆయన బీరువా తెరిచాడు. నాకు తెలుసు, ఎందుకంటే మధ్యాహ్నం నేను వచ్చేసరికి రైఫిల్ మూతి నేను పెట్టిన వైపు కాక ఇంకో వైపు ఉంది. ఇక నిప్పులు కురుస్తాయని కాచుకుని కూర్చున్నాను. ఆయన కిమ్మనలేదు. పొద్దుపోయేదాకా ఏదో కర్ర చెక్కుకుంటూ కూర్చుని, "వస్తానురా" అని కూడా అనకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఓడిపోయాడు, మాట పడిపోయింది అనుకున్నాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆ నిద్ర గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోటీకి ముందు రెండు రోజులు టార్గెట్లు మార్చడానికి రేంజి మూసేస్తారు. అందుకని ఆ పిల్లకి బైపాడ్‌తో కాల్చి చూసుకునే వీలు లేకపోయింది. ఆదివారం పొద్దున సరిచూసుకోవడానికి ఇచ్చే మూడు తూటాలే దిక్కు. ఆ మూడూ నల్లచుక్కలో పడ్డాయి. లెక్కకి వచ్చే ఇరవైలో మొదటి ఐదూ నల్లచుక్కలోనే. నేను కంచె పక్కన నిలబడి మా బావ వంక చూశాను. ఆయన టార్గెట్ వైపు చూడటం లేదు. కూతురి భుజం వైపు చూస్తున్నాడు.

ఆరో తూటా పైకి పోయింది. ఏడోది ఇంకా పైకి. ఆమె సైటు దించుకుంది. ఎనిమిదోది కిందికి దిగిపోయింది. అలిసిపోయే కొద్దీ భుజంతో బరువు ముందుకు వాల్చింది, వాల్చే కొద్దీ తూటాలు చెదిరాయి. ఇరవై అయ్యేసరికి ఆమె వీపంతా చెమట. నాలుగు పాయింట్ల తేడాతో చోటు ఇంకొకావిడకి పోయింది. దాంతో పాటే ఉద్యోగమూ పోయింది.

మేనకోడలు రైఫిల్ తీసుకుని తిన్నగా షెడ్డుకి వచ్చింది. వెనకాలే నేను, నా వెనక మా అక్క. మా బావ అప్పటికే తన బల్ల దగ్గర ఉన్నాడు. ఆమె నా బల్ల మీద స్క్రూడ్రైవర్ తీసుకుని, ఎవర్నీ సాయం అడగకుండా పట్టీలు వదులు చేసింది. పైచెక్క ఎత్తింది. బ్యారెల్ పక్కన, కొసకి బెత్తెడు లోపల, ఒక కాగితం ముక్క నలిగి ఇరుక్కుని ఉంది. గోటితో గీకి బయటికి లాగింది. మైనం రుద్దిన కాగితం. ఒక చివర చిరిగి ఉంది. విప్పి చూస్తే గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు, పెన్సిలు రాత. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తను రాసినవి.

షెడ్డులో చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

"మామయ్యా, నువ్వు కాగితం పెట్టి చూశావా?" అంది నా వైపు తిరిగి.

"చూశాను. నా రసీదు కాగితంతో చూశాను. బ్రహ్మాండంగా పోయింది."

"చూసినప్పుడు రైఫిల్ ఎలా పెట్టావు?"

"వెల్లకిలా. ఊయల బల్లలో" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాకగాని నాకు వెలగలేదు. ఇరవై ఆరేళ్ళుగా రైఫిల్‌ని వెల్లకిలా పెట్టే కాగితం తోస్తున్నాం. కాళ్ళు లేని రైఫిల్‌కి అది సరిపోయేది. కాళ్ళ మీద నిలబెడితే బరువంతా ఆ పల్చని కొస మీద పడుతుంది, చెక్క పైకి వంగి బ్యారెల్‌ని తాకుతుంది. ఏ పని తెలియనివాడికైనా తట్టే విషయం, మాకే తట్టలేదు. నాకు తట్టలేదు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. "నువ్వు ఎలా పెట్టావు నాన్నా?"

మా బావలో ఒక గుణం ఉంది. అబద్ధం ఆడడు. ఆడి ఉంటే ఆ రోజు ఆ ఇల్లు కొంచెం నిలబడేది.

"కాళ్ళ మీద" అన్నాడు.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున. పైనుంచి చేత్తో కొంచెం అదిమాను. పట్టేసింది. లాగితే తెగింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన చేతిలోని చిత్రికని తిప్పి చూసుకున్నాడు. "నువ్వు నన్ను అడగలేదుగా. మీ మామయ్య దగ్గర చేయించుకున్నావు."

"గురువారం నిన్నే కదా అడిగాను!"

మా అక్క గోడకి చేరబడి నిలబడింది. "ఒక్కమాట, ఒక్కమాట చెబితే ఏం పోయేదండీ? వెనక పట్టీకి మార్చుకునేవాళ్ళు కదా. మీరే గెలిచినట్టయ్యేది కదా" అంది. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకి నేను ఓడిపోవడం కావాలి. నాకు ఆయన ఓడిపోవడం కావాలి. మా ఇద్దరి మధ్యా నలిగింది ఆ పిల్ల. నేను తెలియక చేశాను, ఆయన తెలిసి ఊరుకున్నాడు. ఆ తేడా నన్ను పెద్దగా కాపాడదు.

మేనకోడలు రెండు బల్లల మధ్య గోడ దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం ముక్కని మేకుకి గుచ్చింది, నా పట్టీ మీద.

"మీ ఇద్దరి పనితనం ఒక్కచోట ఉండాలిగా" అంది.

బైపాడ్ విప్పి సంచిలో వేసుకుంది. రైఫిల్ ఎత్తుకుని బయటికి నడిచింది. మా అక్క ఆ రోజు నుంచి మొగుణ్ణి "ఏమండీ" అనడం మానేసింది. ఏదైనా కావాలంటే "ఇదిగో" అంటుంది. ముప్ఫై మూడేళ్ళ పిలుపు ఒక్క సాయంత్రంతో పోయింది. నాతో మాట్లాడుతుంది గాని, భోజనానికి రమ్మనదు.

మేకు అలాగే ఉంది. కాగితం పచ్చబడింది. తియ్యడానికి నాకు ధైర్యం చాలదు, ఆయనకీ చాలదు. ఎవరైనా అదేమిటని అడిగితే ఇద్దరం పనిలో మునిగినట్టు నటిస్తాం. ఒక సంగతి మారింది. ఇప్పుడు మా బావ ప్రతి రైఫిల్‌నీ వెల్లకిలా ఒకసారి, నిలబెట్టి ఒకసారి, రెండుసార్లు చూస్తాడు. నలభై ఏళ్ళ పనివాడు కొత్తగా నేర్చుకున్నది అదొక్కటే. దానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారో ఆ పుస్తకంలో వెయ్యరు.

ఈ ఏడు పోటీకి ఆమె వచ్చింది. అదే రైఫిల్, ముందు చెక్క మాత్రం కొత్తది. నల్లగా, ముతకగా ఉంది, నూనె కూడా సరిగా పట్టలేదు. బైపాడ్ వెనక పట్టీ దగ్గర బిగించి ఉంది. పట్టీ ఎవరు చేశారో, చెక్క ఎవరు చెక్కారో మాకు తెలియదు. అది నా చెయ్యి కాదు, ఆయన చెయ్యి కాదు. ఇరవై తూటాలు కాల్చింది. జట్టులో మూడో చోటు వచ్చింది. నేర్పే ఉద్యోగం మాత్రం కిందటేడే నిండిపోయింది కనక రేపు పొద్దున ఐదింటికి మళ్ళీ వ్యాను తియ్యాలి.

తిరిగి వెళ్తూ మా ముందు నుంచే వచ్చింది. కంచె దగ్గర నేను, నాకు నాలుగడుగుల దూరంలో మా బావ. ఆయన జేబులో చెయ్యి పెట్టి మైనపు కాగితం ఒకటి తీశాడు. దాన్ని కూతురి వైపు చాపాడు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదలు.

"అమ్మాయ్, ఒక్కసారి చూస్తానే. ఊరికే చూసి ఇచ్చేస్తాను."

ఆమె ఆగింది. కాగితం మీద తన చిన్నప్పటి రాత చూసింది.

"అక్కర్లేదు నాన్నా. నేను చూసుకున్నాను. కాళ్ళ మీద పెట్టే చూసుకున్నాను" అంది. కోపంగా అనలేదు. బస్సు వేళ చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

వ్యాను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. మా బావ చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆయన్ని ఆ స్థితిలో చూడాలని నేను ఇరవై ఆరేళ్ళు ఎదురుచూశాను. తీరా చూశాక, నాకు చూడబుద్ధి కాలేదు.